పైసా అడగని చోట పది రోజులు, పైసల కోసం లాడ్జిలో గంటసేపు

నిజామాబాద్ దగ్గర విపశ్యన ధ్యాన కేంద్రంలో పది రోజుల శిబిరం ముగించుకొని హన్మకొండకు వస్తూ, కరీంనగర్‌లో ఒక రాత్రి లాడ్జిలో దిగాం. శిబిరంలో గదికీ భోజనానికీ ఎవరూ పైసా అడగలేదు. కోర్సు పూర్తి చేసినవాళ్లు ఇష్టమైతే దానం ఇవ్వొచ్చు, అంతే. లాడ్జివాళ్లు మాత్రం ముందే తీసుకొని, మళ్లీ గుంజబోయారు.

ముందు శిబిరం సంగతి. ఫోన్లు మొదటి రోజే జమ చేయాలి, ఎవరితోనూ మాట్లాడకుండా మౌనం పాటించాలి. తెల్లవారుజామున నాలుగింటికే గంట. మూడు రోజులు ముక్కు దగ్గర శ్వాసను గమనించడమే, దాన్నే ఆనాపానం అంటారు. నాలుగో రోజు నుంచి విపశ్యన, అంటే ఒంట్లో కలిగే అనుభూతులను చూస్తూ ఉండటం. గంటసేపు కాలూ చేయీ కదపకుండా కూర్చునే అధిష్ఠానం కూడా అప్పుడే మొదలు. మోకాళ్లు గోల చేస్తాయి. రాత్రి గోయెంకా గారి ప్రవచనం రికార్డు వేస్తారు. 1969లో బర్మా నుంచి ఈ పద్ధతిని మన దేశానికి తెచ్చింది ఆయనే.

పదకొండింటికి భోజనం, కారం తక్కువ. సాయంత్రం ఐదింటికి టీ, పండు, మరమరాలు. ఇంతకు ముందు కోర్సు చేసిన పాత సాధకులకు అదీ లేదు, నిమ్మరసమే. ఆడవాళ్లు, మగవాళ్లు వేరువేరు కాబట్టి మా ఆయన ఎలా ఉన్నారో తెలియదు. పదో రోజు అందరి మేలూ కోరే మైత్రి ధ్యానం అయ్యాక మౌనం విడిచి నాతో ఆయన అన్న మొదటి మాట, "మిర్చి బజ్జీ ఎక్కడ దొరుకుద్ది?"

ఆడవాళ్లకు బస్సు ఉచితం చేసిన మహాలక్ష్మి పథకం పుణ్యమా అని బస్సులో నాకు జీరో టికెట్. తనకొక్కడికే చార్జీ అయిందని ఆయనకు జగిత్యాల దాకా గుణుగుడే.

ఇక లాడ్జి. ఏసీ గది 1,200. రిమోట్‌కు డిపాజిట్ 200. సాయంత్రం ఏడింటికి దిగాం, ఇరవై నాలుగు గంటలని చెప్పి కీ ఇచ్చారు. వేడినీళ్లు ఆరు నుంచి ఎనిమిది వరకేనని పొద్దున చెప్పారు. సరే అనుకొని, పాత బౌద్ధ స్తూపం ఉన్న ధూళికట్టకు పోయొచ్చాం. ఒంటిగంటకు తిరిగొస్తే కౌంటర్‌లో అబ్బాయి, "చెకౌట్ పన్నెండింటికే మేడం, ఇంకో 600 కట్టాలి" అన్నాడు. మా ఆయన సోఫాలో కళ్లు మూసుకున్నారు.

"మీరు శ్వాస చూసుకోండి, నేను బిల్లు చూసుకుంటా" అన్నాను.

గొంతు పెంచలేదు. కౌంటర్ ముందు కుర్చీ వేసుకొని, "ఓనర్‌ను పిలువు బాబూ, నాకేం తొందర లేదు" అని కదలకుండా కూర్చున్నా. గదికోసం వచ్చినవాళ్లంతా నన్నే చూస్తున్నారు. గంట తర్వాత ఓనర్ వచ్చి 600 వదిలేశాడు, 200 కూడా చేతిలో పెట్టాడు. శిబిరంలో నేర్పిన సమభావం అంటే జేబు తెరిచి పెట్టడం కాదని నా లెక్క. మా ఆయన మాత్రం, "అంత ధ్యానం చేసొచ్చి పైసలకు కొట్లాట ఏంది" అని దారంతా సణిగారు. మిగిలిన పైసలతో బజ్జీలు తినడానికి అభ్యంతరం చెప్పలేదు మరి.

ధూళికట్టకు కరీంనగర్ నుంచి ఆటో అటూ ఇటూ 1,400 అడిగితే 1,100కు ఒప్పించాం. సుల్తానాబాద్ దాకా బస్సులో పోయి అక్కడ ఆటో పట్టుకుంటే ఇంకా కలిసొస్తుంది. పెద్దపల్లి జిల్లాలో ఉన్న ఈ చోట శాతవాహనుల కాలంనాటి మట్టికోట, బౌద్ధ స్తూపం బయటపడ్డాయి. ధ్యానంలో ఉన్న బుద్ధుడికి వానలో పడగ పట్టిన నాగరాజు ముచిలిందుడి ఫలకం దొరికింది ఇక్కడే. గుడి, గోపురం ఉంటాయనుకొని వస్తే నిరాశే. నీళ్లు, గొడుగు వెంట తెచ్చుకోండి.

ఇంటికొచ్చాక పొద్దున గంట, సాయంత్రం గంట కూర్చోమన్నారు. పొద్దునది సాగుతోంది. సాయంత్రం కుక్కర్ విజిళ్ల మధ్య అరగంట దాటట్లేదు. వానలు తగ్గాక బాదనకుర్తికి పోవాలని ఉంది. తన 16 మంది శిష్యులను బుద్ధుడి దగ్గరికి పంపిన బావరి అనే బ్రాహ్మణ గురువు ఆశ్రమం అక్కడే, గోదావరి మధ్య ఉండేదని చెబుతారు. ఆ దగ్గర్లోనే ఖానాపూర్‌లో మా ఆడబిడ్డ ఉంది. రాత్రికి వాళ్లింట్లోనే పడుకుంటాం.