ట్రైలోబైట్ శిలాజం: రాయి అసలుదే, చీటీ దగ్గరే ఒక స్టార్ తగ్గించాను (4/5)

కందుకూరులో హైస్కూలు పిల్లలకు జీవశాస్త్రం చెబుతాను. బొమ్మ కాకుండా అసలు శిలాజం చూపించాలని ఆన్‌లైన్‌లో ఒక ట్రైలోబైట్ (ఎప్పుడో అంతరించిపోయిన, కీళ్ళ కాళ్ళున్న సముద్రజీవి) తెప్పించాను. 3,400 రూపాయలు. దూదిలో చుట్టి పంపారు, ఎక్కడా పెచ్చు ఊడలేదు.

రాయి మాత్రం అద్భుతం. నిమ్మకాయ కంటే చిన్నది, రోకలిబండ పురుగు చుట్టుకున్నట్టు ముడుచుకుని ఉంది. భూతద్దం పెడితే కంటిలో ఒక్కో కటకం విడివిడిగా కనబడుతుంది. సుమారు 38 కోట్ల ఏళ్ళ నాటి కన్ను! రొయ్యల చెరువుల వైపు నుంచి వచ్చే పిల్లలు చూడగానే "మన రొయ్యకు చుట్టమా సార్?" అన్నారు. దూరపు చుట్టమే అన్నాను.

చిక్కంతా రాయితో వచ్చిన పేరు చీటీతోనే. "ఫాకాప్స్ రానా, అమెరికా" అని రాసి ఊరుకున్నారు. అది పాత పేరు. 1832లో జాకబ్ గ్రీన్ అనే అమెరికన్ శాస్త్రవేత్త దీన్ని కాలిమీన్ ప్రజాతిలో (ప్రజాతి అంటే దగ్గరి జాతుల గుంపు) చేర్చి రానా అన్నాడు, లాటిన్‌లో కప్ప అని అర్థం. తర్వాత ఫాకాప్స్‌లోకి మార్చారు. తల భాగంలో తేడాలున్నాయని 1990లో స్ట్రూవే అనే జర్మన్ శాస్త్రవేత్త దీన్ని విడదీసి ఎల్డ్రెడ్జియాప్స్ అనే ప్రజాతి పెట్టాడు. ఈ శిలాజాల మీదే ఏళ్ళ తరబడి పనిచేసిన శాస్త్రవేత్త నైల్స్ ఎల్డ్రెడ్జ్ పేరు మీద పెట్టిందది. ఇన్ని మార్పుల్లోనూ రానా పోలేదు. ప్రజాతి మారితే మొదట పేరు పెట్టినవారి పేరును కుండలీకరణాల్లో రాస్తారు, అందుకే ఇప్పుడు (గ్రీన్, 1832) అని ఉంటుంది.

"అయితే ఇది తప్పు పేరా సార్?" అని ఒక పిల్లాడు అడిగాడు. మన ఊరు 1970కి ముందు నెల్లూరు జిల్లా, తర్వాత ప్రకాశం, 2022లో మళ్ళీ నెల్లూరు. మీ తాత దస్తావేజులో ఏ జిల్లా ఉన్నా పొలం అదే కదా అన్నాను. వెంటనే పట్టేశాడు.

అమ్మినవాళ్ళకు మెసేజ్ పెడితే రెండు రోజుల్లో మర్యాదగా జవాబిచ్చారు, కొత్త పేరుతో స్టిక్కర్ పంపారు. పాతదాని మీద అంటించమన్నారు, నేను అంటించలేదు. 1990కి ముందు రాసిన వ్యాసాలు చాలావరకు పాత పేరుతోనే ఉన్నాయి, ఆ చీటీ లేకపోతే వాటిని వెతకడం కష్టం. రెండూ పెట్టెలో ఉంచాను.

స్టార్ తగ్గించింది పాత పేరుకు కాదు, దొరికిన చోటు రాయనందుకు. ఈ జాతి ఒహాయోలోనూ, న్యూయార్క్‌లోనూ, పెన్సిల్వేనియాలోనూ దొరుకుతుంది. ఏ క్వారీ, ఏ రాతి పొర అని అడిగితే తెలియదన్నారు. రేపు పేరు మళ్ళీ మారినా రాయిని చూసి సరిదిద్దుకోవచ్చు, చోటు మాత్రం ఇక ఎవరూ చెప్పలేరు. కొనేవాళ్ళు డబ్బు కట్టకముందే అది అడిగి రాయించుకోండి.