బల్లార్షాలో పాత సైరన్ల వేట

పాత సైరన్ల కోసం మహారాష్ట్రలోని చంద్రపూర్ జిల్లాకి వెళ్లేవాళ్లు మకాం బల్లార్షాలో పెట్టుకోండి. చంద్రపూర్‌కి అక్కణ్నుంచి పదిహేను కిలోమీటర్లే, షేర్ ఆటోలు దొరుకుతాయి. గనులు, పేపరు మిల్లు ఉన్న ఊరు కాబట్టి షిఫ్టు మారే సైరన్ ఎప్పుడు మోగుతుందో చిన్నపిల్లల్నడిగినా చెప్తారు. స్టేషన్ దగ్గర తెలుగులో పలకరిస్తే తెలుగులోనే జవాబొస్తుంది. కాజీపేట–నాగ్‌పూర్ లైనే కాబట్టి మంచిర్యాల, కాగజ్‌నగర్ వాళ్లు పొద్దున పోయి రాత్రికి ఇల్లు చేరొచ్చు.

స్టేషన్ ఎదుట నేను దిగిన లాడ్జీలో గది చిన్నదే, దుప్పట్లు మాత్రం శుభ్రం. వేడినీళ్లు బకెట్లో తెచ్చిస్తారు. చంద్రపూర్‌లో ఒక హోటల్‌వాళ్లు ఫోన్లో చూపిన గది ఒకటి, ఇచ్చింది ఇంకొకటి. కిటికీ కిందే జనరేటర్, రాత్రంతా మోత. తిండికి లోటు లేదు: పొద్దున తర్రీ పోహా (కారం పులుసు పోసిన అటుకులు), మధ్యాహ్నం కరీంనగర్ దంపతుల మెస్‌లో పచ్చిపులుసుతో అన్నం. ఎండాకాలం మాత్రం వెళ్లొద్దు, ఇక్కడి ఎండకి ఇనుప నిచ్చెన పట్టుకోలేం. డిసెంబరు, జనవరి మేలు.

ఇక అసలు సంగతి. మెస్‌లో పరిచయమైన రిటైర్డ్ ఎలక్ట్రీషియన్ కాకా, వాచ్‌మన్‌తో మాట్లాడి, మూతపడ్డ ఒక గని ఆఫీసు డాబా ఎక్కించాడు. మోటరు అడ్డంగా ఉంది, దాని రెండు చివర్లా చెరొక రోటరు, అంటే గిర్రున తిరిగే చక్రం. నేమ్‌ప్లేటు మీద ఏళ్లతరబడి పూసిన ఎర్ర రంగు పేరుకుపోయి అక్షరం కనబడదు. చాలామంది ఇక్కడే ఆశ వదులుకుంటారు. ప్లేటు లేకున్నా సైరన్ తన రకం చెప్తుంది, రోటరు చుట్టూ గాలి పోయే కంతలు, అంటే కిటికీలు లెక్కపెట్టాలి.

“ఏలు పెట్టి లెక్కవెట్టు బిడ్డా. ఈ దిక్కు పది, ఆ దిక్కు పన్నెండు,” అన్నాడు కాకా, బూజు తుడుస్తూ.

రోటరు తిరుగుతుంటే దాని కిటికీలు చుట్టూ ఉన్న డబ్బా కిటికీలకి ఎదురైనప్పుడల్లా గాలి ఒక్క ఊదు బయటికి వస్తుంది. మన 50 హెర్ట్జ్ కరెంటు మీద ఇలాంటి మోటరు నిమిషానికి దాదాపు 2,880 చుట్లు తిరుగుతుంది, అంటే సెకనుకి 48. పది కిటికీల వైపు సెకనుకి 480 ఊదులు, అంటే 480 హెర్ట్జ్ కూత, పన్నెండు వైపు 576. సంగీతంలో షడ్జానికి (స) సాధారణ గాంధారం (గ) ఎంత దూరమో ఈ రెండిటి మధ్యా అంతే. రెండూ కలిసి మోగితే కడుపులో దిగులు పుట్టేది అందుకే. రెండో ప్రపంచయుద్ధంలో బ్రిటన్ వైమానిక దాడుల సైరన్లది ఈ పది–పన్నెండు అమరికే.

అంతమాత్రాన ఇది ఇంగ్లాండు సరుకని తీర్మానించకూడదు. ఆ అమరికని ఎవరైనా పోత పోయొచ్చు. ఎవరూ విప్పని అడుగు బోల్టులు చూడాలి. కాకా తన సంచిలోంచి తీసిన విట్‌వర్త్ (పాత ఇంగ్లీషు అంగుళాల కొలత) స్పానర్ వాటికి బిగుతుగా పట్టింది, మిల్లీమీటర్ స్పానర్ జారిపోయింది. మన దేశంలో మెట్రిక్ కొలతల చట్టం 1956లో వచ్చింది. కాబట్టి ఈ యంత్రం మెట్రిక్ అలవాటుకి ముందుదై ఉండొచ్చు. ఎక్కడ పోత పోశారన్నది మాత్రం ఆ రంగు గీకితేనే తేలుతుంది. పాత ఇనుము కింద అమ్మకముందే ఆ పని జరగాలని నా తపన.

ఇంకోచోట చేత్తో తిప్పే సైరన్ చూశాను, లోపల గేర్లు ఇంకా నూనెతో మెరుస్తున్నాయి. కొత్త హారన్ స్పీకర్లలో రోటరే ఉండదు, స్విచ్ తియ్యగానే టక్కున ఆగిపోతాయి. పాతవైతే కూత దిగజారుతూ, దిగజారుతూ ఆగుతుంది. దూరం నుంచి ఆ తోక విన్నా యంత్రం ఏ రకమో పట్టెయ్యొచ్చు.

గని ఆవరణల్లోకి అనుమతి లేకుండా అడుగుపెట్టొద్దు. చెవుల్లో దూది కాదు, ఇయర్‌ప్లగ్‌లే పెట్టుకోండి. ఫొటోలు రెండు చివర్ల కిటికీలూ లెక్కకి అందేలా విడివిడిగా తియ్యండి, బోల్టులకి దగ్గర్నుంచి ఇంకొకటి. కూత రికార్డు చేస్తే మోటరు పూర్తిగా నిలిచేదాకా ఫోన్ ఆపకండి.