డీడీ-డబ్ల్యూఆర్‌టీ వదిలి ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీకి మారాలా? గుంటూరులో మా ఇంటి రౌటర్ సంగతి

మా ఇంట్లో ఉన్నది టీపీ-లింక్ ఆర్చర్ సీ7, రెండో వెర్షన్. దాంట్లో చాలా ఏళ్లు డీడీ-డబ్ల్యూఆర్‌టీ నడిచింది, ఇప్పుడు ఓపెన్‌డబ్ల్యూఆర్‌టీ 24.10 నడుస్తోంది. రెండూ రౌటర్‌తో వచ్చిన కంపెనీ సాఫ్ట్‌వేర్‌కి బదులుగా మనం ఎక్కించుకునే ఫర్మ్‌వేర్లు, అంటే రౌటర్‌ని నడిపే సాఫ్ట్‌వేర్లు. మారదామా వద్దా అని ఊగిసలాడుతున్నవాళ్లకు పనికొస్తుందని ఇది రాస్తున్నాను. మాకు మాత్రం మారడం చాలా మేలైంది. మీకూ మేలవుతుందా అన్నది మీ రౌటర్‌లోని చిప్‌ని బట్టి ఉంటుంది, ఆ సంగతి కిందికి వెళ్లాక చెబుతాను. పేర్లు పొడుగ్గా ఉన్నాయి కాబట్టి ఇకమీదట డీడీ, ఓపెన్ అంటాను.

ముందు మా ఇబ్బంది ఏమిటో చెప్పాలి. ఇంటర్ పిల్లలకు సాయంత్రాలు ఆన్‌లైన్‌లో మ్యాథ్స్ చెబుతాను. మావారికి ఫొటో స్టూడియో ఉంది. బ్రాడీపేటలో పాత ఇల్లు, కింద స్టూడియో, పైన మేము, ఇద్దరికీ కలిపి ఒకటే కనెక్షన్, 40 ఎంబీపీఎస్ ప్లాన్. పెళ్లిళ్ల సీజన్ వచ్చిందంటే ఆయన రాత్రి షూట్ చేసిన ఫొటోలన్నీ మర్నాడు సాయంత్రం ఆల్బమ్ డిజైనర్‌కి అప్‌లోడ్ పెడతారు. సరిగ్గా అప్పుడే నా క్లాసు. ఇంటిగ్రేషన్ మధ్యలో ఉండగా "మేడమ్, వాయిస్ కట్ అవుతోంది" అని ఒకరి తర్వాత ఒకరు మెసేజ్‌లు. మెట్ల మీద నుంచి "ఏమండీ, కాసేపు ఆపుతారా" అని కేకేస్తే, "పార్టీ తొందరపెడుతున్నారే, ఇంకో పది నిమిషాలు" అనేవారు. ఆయన పనీ పనే కదా.

నెట్ ఇచ్చేవాళ్లకు ఫోన్ చేస్తే స్పీడ్ టెస్ట్ చేసి చూడమనేవారు. చేస్తే 40 నిక్కచ్చిగా వచ్చేది. చాలామంది ఇళ్లలో జరిగేది ఇదే. స్పీడ్ టెస్ట్ ఎన్ని మెగాబిట్లు వెళ్తున్నాయో చెబుతుంది, మీ మాట ఎంత ఆలస్యంగా చేరుతోందో చాలా టెస్టుల్లో పైకి కనిపించదు. అది చూడాలంటే కంప్యూటర్‌లో కమాండ్ విండో తెరిచి 8.8.8.8 అనే గూగుల్ సర్వర్‌కి పింగ్ పెట్టి వదిలేయాలి. చిన్న సందేశం అక్కడిదాకా వెళ్లి రావడానికి ఎంతసేపు పట్టిందో అది చూపిస్తుంది. మా ఇంట్లో లైన్ ఖాళీగా ఉన్నప్పుడు పదిహేను మిల్లీసెకన్ల దగ్గర వరసగా అంకెలు పడుతుండేవి. కింద అప్‌లోడ్ మొదలవగానే అవే అంకెలు 180, 340, 410 అంటూ ఎక్కి, మధ్య మధ్య టైమ్ అవుట్ అని వచ్చేది. అప్‌లోడ్ ఆపగానే మళ్లీ పదిహేను. తప్పు లైన్‌ది కాదు, క్యూది అని అప్పుడు అర్థమైంది.

సీజన్‌లో మిర్చి యార్డు గేటు ముందు లారీలు బారులు తీరి ఉంటే, వాటి వెనక స్కూటర్ మీద ఉన్నవాడు కూడా అక్కడే ఆగిపోతాడు. ఫొటోలు లారీలు, నా గొంతు ఆ స్కూటర్. రౌటర్లలో, మోడెముల్లో మెమరీ బఫర్లు అవసరానికి మించి పెట్టడం వల్ల ఇలా జరుగుతుంది. దీన్ని బఫర్‌బ్లోట్ అంటారు. దీనికి మందు తయారవడంలో ఓపెన్ చుట్టూ పనిచేసినవాళ్ల పాత్ర పెద్దది. కాథ్లీన్ నికల్స్, వాన్ జాకబ్సన్ 2012లో ఈ క్యూని పొడుగు కాకుండా చూసే కోడెల్ అనే పద్ధతి ప్రకటించారు. దాని మీద ఎఫ్‌క్యూ-కోడెల్ వచ్చింది, తర్వాత కేక్ వచ్చి 2018లో ఇలాంటి ఫర్మ్‌వేర్లకు గుండెకాయ అయిన లినక్స్ కెర్నల్ 4.19లో చేరింది. వీటిని ఇళ్లలోని రౌటర్ల దాకా తీసుకురావడానికి డేవ్ టాట్ అనే ఆయన ఏళ్ల తరబడి పట్టుబట్టి పనిచేశారు. ఓపెన్‌ని ఆధారం చేసుకుని సెరోడబ్ల్యూఆర్‌టీ అనే ప్రయోగాల వెర్షన్ నడిపారు. 2025 ఏప్రిల్‌లో ఆయన చనిపోయారు. ఇవాళ నా క్లాసు తెగకుండా నడుస్తోందంటే అందులో ఆయన కష్టం ఉంది. ఆ మాట ఇక్కడ రాయకపోతే నాకు బాగుండదు.

ఇక డీడీ గురించి న్యాయంగా మాట్లాడాలి. దాని క్యూఓఎస్ (ఏ ట్రాఫిక్‌కి ఎంత వంతు అని పెట్టే) పేజీలోనూ ఎఫ్‌క్యూ-కోడెల్ ఉంది, నా సమస్య అక్కడా తీరేది. అందువల్ల ఇది రాలేదు, అది రాలేదు అని మారలేదు. మా అన్నయ్య కొడుకు బెంగళూరులో ఉద్యోగానికి వెళ్లేముందు డీడీ పెట్టి వెళ్లాడు. ఆ తర్వాత దాన్ని ఎవరూ అప్‌డేట్ చేయలేదు. అన్నేళ్ల పాత సాఫ్ట్‌వేర్‌ని ఇంటి గుమ్మంలో ఉంచడం మంచిది కాదు, ఎలాగూ కొత్తది ఎక్కించాలి. ఎక్కించేటప్పుడు ఏది ఎక్కించాలి అన్నదే నా ప్రశ్న.

డీడీలో స్థిరమైన విడుదల అని పేరుపెట్టి ఇచ్చినవాటిలో చివరిది వీ24 ఎస్పీ1, అది 2008 నాటిది. అప్పటి నుంచీ నంబర్లతో బిల్డులు వస్తూనే ఉన్నాయి. పని ఆగలేదు, చురుగ్గానే సాగుతోంది. కానీ మీ మోడల్‌కి ఏ నంబర్ బిల్డు బాగుందో అది వాడినవాళ్లు చెప్పింది చదివి తేల్చుకోవాలి. సెబాస్టియన్ గాట్‌షాల్ అనే ఒక్క మనిషి ప్రధానంగా దాన్ని ఇన్నేళ్లు మోసుకొచ్చారు, అది మామూలు విషయం కాదు. ఓపెన్‌లో మాత్రం విడుదల పేరులోనే ఏడాది, నెల ఉంటాయి: 22.03, 23.05, 24.10. అసలు విడుదల కాస్త ఆలస్యంగా వస్తుంది, 24.10 వచ్చింది 2025 ఫిబ్రవరిలో. ఆ తర్వాత చిన్న చిన్న సవరణలు, ఏ లోపం ఎందులో సరిచేశారో జాబితాతో సహా వస్తాయి. 2016లో అందులోనూ కొందరు విడిపోయి లీడ్ అని వేరే కుంపటి పెట్టారు. 2018 జనవరిలో మళ్లీ ఒక్కటయ్యారు, అప్పటి నుంచి విడుదలలు పద్ధతి ప్రకారం ఉన్నాయి.

నాకు నమ్మకం కుదిరింది ఇంకో విషయం దగ్గర. 2024 డిసెంబర్‌లో ఓపెన్ అప్‌డేట్ సర్వర్‌లో తీవ్రమైన లోపం ఉందని ఒక పరిశోధకుడు తెలియజేస్తే, కొన్ని గంటల్లో సరిచేసి, ఏం జరిగిందో, ఎవరు ఏం చేసుకోవాలో బహిరంగంగా రాశారు. లోపాలు ఎక్కడైనా ఉంటాయి. దాచకుండా చెప్పేవాళ్ల దగ్గర నా ఇంటి తాళం ఉంటే నాకు టెన్షన్ తక్కువ.

మార్చే పని గురించి. ఒకదాని సెట్టింగులు ఇంకోదానికి రావు, కొత్తగా అన్నీ పెట్టుకోవాల్సిందే. కాబట్టి ముందు పీపీపీఓఈ (నెట్ కనెక్షన్‌కి లాగిన్ అయ్యే పద్ధతి) యూజర్‌నేమ్, పాస్‌వర్డ్ కాగితం మీద రాసుకోండి. మన ఊళ్లలో చాలామంది లోకల్ ఆపరేటర్లు రౌటర్ మ్యాక్ అడ్రస్‌ని (పరికరం గుర్తింపు నంబర్‌ని) కనెక్షన్‌కి ముడిపెడతారు, అది కూడా డీడీ స్టేటస్ పేజీ నుంచి రాసి పెట్టుకోండి. ఓపెన్‌లో నెట్‌వర్క్, ఇంటర్‌ఫేసెస్ కింద డివైసెస్ ట్యాబ్‌లో దాన్ని వేసుకోవచ్చు. నేనైతే పిల్లల ఈఏపీసెట్ అయ్యేదాకా ఆగి, క్లాసులు లేని ఆదివారం పెట్టుకున్నాను. రౌటర్, ల్యాప్‌టాప్ రెండూ ఇన్వర్టర్ లైన్ మీద ఉంచాను, ఎందుకంటే ఎక్కుతుండగా కరెంట్ పోతే ఆ ఆదివారం అక్కడితో సరి.

డీడీ మీద నుంచి నేరుగా కాకుండా, ల్యాప్‌టాప్ నుంచి కేబుల్ ద్వారా ఫైలు పంపే టీఎఫ్‌టీపీ రికవరీ దారిలో వెళ్లాను. సీ7లో ఇది చక్కగా ఉంది. ల్యాప్‌టాప్‌కి 192.168.0.66 అని అడ్రస్ ఇచ్చి, లాన్ కేబుల్‌తో కలిపి, టీఎఫ్‌టీపీ సర్వర్‌లో ఓపెన్ ఫ్యాక్టరీ ఫైలుని రౌటర్ వెతికే పేరుతో ఉంచాలి. రీసెట్ బటన్ నొక్కి పట్టుకుని పవర్ ఆన్ చేసి, డబ్ల్యూపీఎస్ లైటు వెలిగేదాకా వదలకూడదు. విండోస్ ఫైర్‌వాల్ అడ్డొస్తుంది, ఆ కాసేపు ఆపాలి. లైటు వెలిగింది, సర్వర్ విండోలో ఫైలు వెళ్తున్న గీత కదిలింది, కొద్ది నిమిషాల్లో 192.168.1.1లో ఓపెన్ పేజీ తెరుచుకుంది. ఈ రికవరీ దారి ముందే తెలిసి ఉంటే, రేపు ఏదైనా తేడా జరిగినా రౌటర్‌ని తిరిగి బతికించుకోవచ్చు. ఫైలు దింపాక దాని ఎస్‌హెచ్‌ఏ256 చెక్‌సమ్ (ఫైలు చెడకుండా వచ్చిందని తేల్చే కోడ్) సైట్‌లో ఇచ్చినదానితో సరిపోయిందో లేదో చూడటం మానకండి.

ఓపెన్ పెట్టగానే వైఫై కనిపించలేదని కంగారు పడొద్దు. అది ఆఫ్‌లోనే వస్తుంది, పాస్‌వర్డ్ కూడా ఉండదు. ముందు పాస్‌వర్డ్, తర్వాత దేశం దగ్గర ఇండియా, ఆ తర్వాత వైఫై. డీడీలో ఎన్‌ఏఎస్ (డ్రైవ్‌ని ఇంట్లో అందరూ వాడుకునేలా పెట్టడం), వీపీఎన్ లాంటివి చాలావరకు మెనూలోనే తయారుగా ఉంటాయి. ఓపెన్‌లో ఏది కావాలంటే దాని ప్యాకేజీ వేసుకోవాలి. యూఎస్‌బీ డ్రైవ్ తగిలించి అందరికీ కనిపించేలా చేయడానికి నాకు డీడీలో కంటే చాలా ఎక్కువ సమయం పట్టింది. ఈ విషయంలో డీడీయే సుఖం.

కానీ క్యూని అదుపులో పెట్టే ఎస్‌క్యూఎం పేజీ చూశాక ఆ విసుగంతా పోయింది. సాఫ్ట్‌వేర్ మెనూలో దాని ప్యాకేజీ వేస్తే, నింపాల్సినవి ఏ ఇంటర్‌ఫేస్, డౌన్‌లోడ్ ఎంత, అప్‌లోడ్ ఎంత, అంతే. వేగం కిలోబిట్లలో ఇవ్వాలి, ప్లాన్‌లో పది శాతం తగ్గించి రెండు వైపులా 36000 ఇచ్చాను. పద్ధతి కేక్, లింక్ లేయర్ దగ్గర ఈథర్నెట్, ఓవర్‌హెడ్ (ప్రతి ప్యాకెట్‌కీ అదనంగా లెక్కేసే బైట్లు) 44. ఎవరికి ముందు, ఎవరికి వెనక అని జాబితాలు రాసే పనే లేదు, కేక్ తనే ఒక్కొక్క ప్రవాహాన్ని విడదీసి వంతులు వేస్తుంది. కింద మావారి చేత కావాలని పెద్ద అప్‌లోడ్ పెట్టించి పింగ్ చూశాను. 17, 19, 16, 22. మళ్లీ 18. అప్‌లోడ్ నడుస్తూనే ఉంది.

"ఫొటోలు వెళ్లడానికి మునుపటికంటే కాస్త ఎక్కువ సేపు పడుతోందే" అన్నారాయన. నిజమే, పది శాతం వదులుకున్నాం. దానికి బదులుగా క్లాసు టైమ్‌లో మెట్ల మీద కేకలు పోయాయి, ఆ లాభనష్టాలు ఆయనా ఒప్పుకున్నారు.

సీ7లో ఉన్నది 720 మెగాహెర్ట్జ్ ఒంటి కోర్ ప్రాసెసర్. 40కి, 100కి ఎస్‌క్యూఎం హాయిగా మోస్తుంది. 300 ప్లాన్ ఉన్నవాళ్లు ఇదే రౌటర్‌లో ఎస్‌క్యూఎం పెడితే వేగం అక్కడే పడిపోతుంది, కొత్త ప్రాసెసర్ ఉన్నది కొనుక్కోవాలి. ప్యాకెట్లను దగ్గరి దారిలో పంపే ఫ్లో ఆఫ్‌లోడింగ్ అనే సెట్టింగు ఆన్ చేస్తే వేగం పెరుగుతుంది కానీ ఎస్‌క్యూఎంతో అది పొసగదు. బయటి నుంచి ఇంటి కెమెరాలు చూడటం కోసమే మారాలనుకునేవాళ్లు ముందు వాన్ అడ్రస్ (రౌటర్‌కి బయటి వైపున ఉన్న ఐపీ అడ్రస్) చూసుకోండి. అది 100.64 నుంచి 100.127 మధ్యలో మొదలైతే మీరు ఆపరేటర్ నాట్ (ఒకే బయటి అడ్రస్‌ని చాలా ఇళ్లకు పంచే ఏర్పాటు) వెనకాల ఉన్నట్టు, ఏ ఫర్మ్‌వేర్ వేసినా బయటి నుంచి ఇంట్లోకి దారి ఇచ్చే పోర్ట్ ఫార్వర్డింగ్ పనిచేయదు.

ఇప్పుడు చిప్ మాట. రౌటర్ తిరగేసి స్టిక్కర్ మీద మోడల్‌తో పాటు వెర్షన్ నంబర్ కూడా చదవండి. పెట్టె మీద పేరు అదే ఆర్చర్ సీ7 అయినా, మొదటి వెర్షన్‌లోని 5 గిగాహెర్ట్జ్ రేడియో ఓపెన్‌లో పనిచేయదు. రెండో వెర్షన్‌లో పనిచేస్తుంది. మన ఇళ్లలో ఎక్కువగా కనిపించే టీపీ-లింక్ డబ్ల్యూఆర్841ఎన్ చాలా వెర్షన్లలో 4 ఎంబీ ఫ్లాష్, 32 ఎంబీ ర్యామ్‌తో వస్తుంది. ఓపెన్‌కి కనీసం 8, 64 కావాలి. దాని కోసం కష్టపడకండి. క్వాల్‌కామ్ ఏథెరోస్, మీడియాటెక్ చిప్‌లు ఉంటే ఓపెన్ వైపు ధైర్యంగా వెళ్లొచ్చు. బ్రాడ్‌కామ్ వైఫై చిప్ ఉంటే మాత్రం వద్దనే అంటాను. ఆ కంపెనీ డ్రైవర్లను మూసి ఉంచుతుంది, అందువల్ల ఓపెన్‌లో వైఫై సరిగా రాదు. డీడీకి, ఫ్రెష్‌టొమాటో అనే ఇంకో ఫర్మ్‌వేర్‌కి అక్కడ బలం ఎక్కువ.

మా వదిన ఇదంతా విని "మాకూ అదే పెట్టెయ్యవే" అంది. విజయవాడ పటమటలో వాళ్ల ఇంట్లో ఉన్నది ఆసుస్ ఆర్‌టీ-ఏసీ68యూ, లోపల బ్రాడ్‌కామ్. అందులో ఫ్రెష్‌టొమాటో పెట్టింది కూడా మా మేనల్లుడే. మూసి ఉంచిన ఆ డ్రైవర్ల వల్లే అది ఇప్పటికీ పాత 2.6 కెర్నల్ మీద నడుస్తోంది. ఆ మాట తనతో అంటే, "అవునత్తా, కానీ ఓపెన్ పెడితే అమ్మకి వైఫై పోతుంది" అన్నాడు ఫోన్‌లో. వాడన్నది సరైన మాట. మొన్న పటమట వెళ్లినప్పుడు ఫ్రెష్‌టొమాటోనే కొత్త వెర్షన్‌కి అప్‌డేట్ చేసి, సెట్టింగుల బ్యాకప్ ఫైలు వాడికి మెయిల్ చేసి వచ్చాను.