పాత బిళ్ళ కథకి పుస్తకం మేలా, ఊరి తాత మేలా?

మెటల్ డిటెక్టర్ కొన్న మిత్రులు రెండు నెలలు తిరక్కుండానే ఇదే అడుగుతారు. "ఇత్తడి బిళ్ళ దొరికింది, నంబరూ రెండు అక్షరాలూ తప్ప ఏమీ లేవు. దీని సంగతి పాత పుస్తకాల్లో వెతకాలా, ఊళ్ళో పెద్దవాళ్ళని అడగాలా?" మొన్న మా నెల్లూరు సీమలో సైదాపురం వైపు, మా పిన్నివాళ్ళ చేనిగట్టున నాకూ అలాంటిదే దొరికింది. రెండు దారులూ తొక్కాను.

నెల్లూరుకి పుస్తకాల కరువు లేదు. 1873లో వచ్చిన బాస్వెల్ మాన్యువల్ ఉంది, జిల్లా వివరాలన్నీ రాసిన పుస్తకం. బటర్‌వర్త్, వేణుగోపాల శెట్టి కలిసి 1905లో మూడు సంపుటాలుగా తెచ్చిన శాసనాలున్నాయి. ఊరి పాత పేరు తేలాలంటే వీటిని మించినవి లేవు. 1953కి ముందు మనం మద్రాసు కిందే కాబట్టి ఆనాటి సర్కారు కాగితాలకి చెన్నైలో ఎగ్మూరు ఆర్కైవ్స్‌కి, అంటే పాత రికార్డులు దాచే చోటికి వెళ్ళాలి. అయితే ఏ జిల్లా కట్ట విప్పాలో ముందే తెలియాలి. ఒంగోలు తాలూకా 1904 దాకా నెల్లూరులో ఉంది, ఆ తర్వాత 1970 దాకా గుంటూరులో. కనిగిరి, పొదిలి 1970 దాకా నెల్లూరివే. మార్కాపురమేమో కర్నూలుది. ఇది తెలియక, ఒంగోలు దగ్గర దొరికిన ఇంకో బిళ్ళ కోసం గుంటూరు కాగితాల్లో రెండు రోజులు దుమ్ము పీల్చాను.

ఇంత తిప్పినా నా బిళ్ళ దేనికి వాడారో ఒక్క పేజీ చెప్పలేదు. బాస్వెల్ రాసేనాటికి మన వైపు మైకా గనుల జోరు మొదలే కాలేదు. తర్వాతి రిపోర్టుల్లో టన్నులూ రూపాయలూ ఉంటాయి గానీ కూలివాడి మొలతాడుకి ఏం వేలాడేదో ఎవరు రాస్తారు? నా మటుకు బిళ్ళ కథంటే ఆ వాడకమే. అది హాజరుకా, సామానుకా, టిఫినుకా, లేక బిళ్ళ బంట్రోతు రొమ్ము మీదిదా అన్నది తేలకపోతే ఏ ఏటిదో తెలిసీ లాభం లేదు.

పిన్నివాళ్ళ వీధిలో గనిలో పనిచేసిన తాత ఒకాయన ఉన్నాడు. బిళ్ళ జేబులోనే ఉంచి, పొద్దున పని ఎట్లా మొదలయ్యేదని అడిగాను. ముందే చూపిస్తే నిధి దొరికిందని ఊరంతా పాకుతుంది, పైగా మనం ఏం వినాలనుకుంటున్నామో అదే చెప్తారు. సుత్తుల కొట్టు సంగతి ఆయనంతట ఆయనే ఎత్తాక బయటికి తీశాను. "యాడ పట్టావు అబ్బయ్యా? ఇదిచ్చి సుత్తి తీసకపొయ్యేవాళ్ళం. మాపటికి సుత్తి అప్పజెప్తే బిళ్ళ మళ్ళా ఇచ్చేవాళ్ళు. సుత్తి పోయిందా, కూలిలో కోత." బిళ్ళకి చిల్లు ఎందుకో అప్పుడర్థమైంది. కొట్టులో మేకుకి తగిలించడానికట.

తేదీల దగ్గర మాత్రం ఆయన్ని నమ్మలేం. అంతా "గాలివానకి ముందు, గాలివాన తర్వాత". మన కోస్తాలో గాలివానలకేం కొదవ!

ఇక వాట్సాప్ గుంపుల్లో పెడితే "రేటెంత?" తప్ప ఇంకో మాట రాదు. రాముడి బొమ్మా, ఈస్టిండియా కంపెనీ పేరూ, 1818 అంకే ఉన్న బిళ్ళ దొరికితే ఎక్కడా వెతక్కండి, కంపెనీ వాళ్ళు అలాంటివి వెయ్యలేదు. మ్యూజియం వాళ్ళకి ఫొటో పంపి చూడొచ్చు. నేలలో దాగున్న సొత్తు విలువ పది రూపాయలు దాటితే కలెక్టరుకి రాసి తెలపాలని 1878 నాటి చట్టం, అదీ గుర్తుంచుకోండి.

కాబట్టి నేనైతే ముందు తాత దగ్గరికే పొమ్మంటాను. కాకపోతే ఆ రెండు అక్షరాలూ తాత చెప్పిన గని యజమాని ఇంటిపేరుకి కుదరడం లేదు. వచ్చే నెల ఎగ్మూరు పోక తప్పేట్టు లేదు.