డ్రైవర్ పక్క అద్దానికి కొత్త మెషిన్: మూడేళ్ళు వాడాక

పవర్ విండో పాడైతే అందరూ మోటారు గురించి అడుగుతారు, అద్దాన్ని పైకీ కిందికీ నడిపే మెషిన్ ఏ కంపెనీదో అడుగుతారు, ఎంతవుతుందో అడుగుతారు. నేనూ అవే అడిగాను. తలుపుకి లోపలి వైపు బిగించే డోర్ ప్యాడ్ వెనకాల, తలుపు రేకుకి అతికించి ఉండే పల్చటి ప్లాస్టిక్ షీట్ గురించి మాత్రం అడగలేదు. అది అక్కడుంటుందనే నాకు తెలీదు. అడగనందుకు రెండు వానాకాలాలు తడిసిన మ్యాట్ మీద కాళ్ళు పెట్టుకుని బండి నడిపాను. అందుకే ఇక్కడ మెషిన్ గురించి కొంచెమే ఉంటుంది, ఆ షీట్ గురించి చాలా ఉంటుంది.

మాది ఒడిశాలో ఆంధ్ర సరిహద్దు దగ్గరున్న పర్లాకిమిడి. బట్టల కొట్టు. కారు 2013 నాటి చిన్న బండి, ముందు తలుపులకి మాత్రమే పవర్ విండోలు. వారానికి రెండుసార్లు సరుకు కోసం శ్రీకాకుళం వెళ్తాను, మంగళవారాలు అమ్మని పాతపట్నం నీలమణి దుర్గ గుడికి తీసుకెళ్తాను. దారిలో రాష్ట్రం మారే చోట ఆగాలి, రైలు గేటు పడితే ఆగాలి, తెలిసినవాళ్ళు కనబడితే ఆగాలి. ఆగిన ప్రతిసారీ అద్దం దించాల్సిందే. టెక్కలి వైపు వెళ్తే గ్రానైట్ రాళ్ళ లారీలు లేపే దుమ్ముకి వెంటనే ఎక్కించాల్సిందే. నా పక్క అద్దం రోజూ ఇరవైసార్లయినా కిందికీ పైకీ తిరుగుతుంది. ఎడమ పక్కది రెండుసార్లు తిరిగితే గొప్ప.

2022 ఆగస్టులో అమ్మనీ పిన్నినీ మా జిల్లాలోని చంద్రగిరి దగ్గర జీరంగలో టిబెట్ వాళ్ళ గుడి చూపించి తీసుకొస్తున్నాను. కొండదారిలో మొక్కజొన్న పొత్తులు కాలుస్తుంటే కొందామని అద్దం దించాను. మళ్ళీ ఎక్కించబోతే తలుపులో కటకటమని చప్పుడు, వెంటనే టప్‌మని ఏదో తెగినట్టు. అద్దం జారి తలుపులోకి దిగిపోయింది. స్విచ్ నొక్కితే మోటారు తిరుగుతోంది, అద్దం మాత్రం కదలట్లేదు. "ఒరే, అద్దం ఏటైపోయిందిరా?" అంది అమ్మ. పది నిమిషాల్లో వాన పట్టుకుంది. పిన్ని దగ్గర ఉన్న ప్లాస్టిక్ కవరు తలుపు సందులో ఇరికించి మూశాం గాని, దాంతో కుడి పక్క సైడ్ మిర్రర్‌లో వెనక వచ్చే బండ్లు కనబడలేదు. ఘాట్ రోడ్డులో అలా నడపడం నావల్ల కాదని తీసేశాను. ఇంటికి చేరేసరికి కుడి భుజం నుంచి మోకాలి దాకా ముద్దయిపోయాను. ఆ దారిలో సొంత బండిలో కూర్చుని అంత టెన్షన్ ఎప్పుడూ పడలేదు.

మర్నాడు శ్రీకాకుళంలో రోడ్డు పక్క గ్యారేజీలో విప్పించాను. పాత మెషిన్ చేతిలో పెట్టి చూపించారు. నిలువుగా ఒక రేకు పట్టాలు, దాని మీద పైకీ కిందికీ జారే ప్లాస్టిక్ ముక్క, ఆ ముక్కని లాగే సన్నటి ఉక్కు కేబుల్, కేబుల్ చుట్టుకునే చిన్న చక్రం. అద్దం బరువంతా ఆ ప్లాస్టిక్ ముక్క మీదే ఉంటుంది. మాది నిలువునా పగిలింది, కేబుల్ పోగులు విడిపోయి చక్రంలో చిక్కుపడ్డాయి. మోటారుని నేరుగా బ్యాటరీకి కలిపి చూశారు, బాగానే తిరిగింది. అంటే మోటారు కొనక్కర్లేదు. సర్వీస్ సెంటర్‌లో అడిగితే మోటారుతో కలిపి మొత్తం సెట్టే ఇస్తామన్నారు, 4,200 రూపాయలు, పది రోజులు ఆగాలి. స్పేర్ పార్ట్స్ షాపులో మోటారు లేని మెషిన్ 1,150కే దొరికింది. కూలి 350. నలభై నిమిషాల్లో పని ముగించి తాళం చేతికిచ్చారు.

ఆ నలభై నిమిషాల పనితనాన్ని నేను ఊరంతా చెప్పుకున్నాను. మా వీధిలోనే ముగ్గురిని ఆ గ్యారేజీకి పంపాను.

మెషిన్ సంగతికొస్తే, మొదటి ఏడాది వంక పెట్టడానికేం లేదు. కొత్తలో ఉన్నదానికంటే కూడా చప్పుడు తగ్గింది. రెండో వేసవిలో పైన చివరి రెండు అంగుళాలు మెల్లగా ఎక్కడం మొదలైంది. అది మెషిన్ తప్పు కాదు, అద్దం జారే రబ్బరు బీడింగ్ ఎండిపోయి దుమ్ము పట్టింది. ఎవరో చెప్పారని మెషిన్ ఆయిల్ పూశాను. వారంలో ఆ నూనెకి మరింత దుమ్ము అంటుకుని ఇంకా బిగుసుకుంది. నూనె రబ్బరుని కూడా పాడుచేస్తుందని తర్వాత తెలిసింది. దాన్ని గుడ్డతో శుభ్రంగా తుడిచి, సిలికాన్ స్ప్రే కొడితే అద్దం దారిలోకొచ్చింది. ఆరు నెలలకోసారి అదే చేస్తున్నాను. బీడింగ్ అద్దాన్ని గట్టిగా పట్టుకుంటే ఆ లాగుడంతా ప్లాస్టిక్ ముక్క మీదా కేబుల్ మీదా పడుతుంది. మా పాత మెషిన్ విరిగింది కూడా అందుకేనని ఇప్పుడు నా గట్టి నమ్మకం.

ఇక నీళ్ళ కథ.

2023 జులైలో ఒకరోజు పొద్దున్నే తలుపు తీస్తే ముక్కిపోయిన వాసన. డ్రైవర్ మ్యాట్ ఎత్తి చూస్తే కింద కార్పెట్ నీళ్ళు పీల్చుకుని ఉంది, నొక్కితే కారుతోంది. ఏసీ నీళ్ళు లోపలికి వస్తున్నాయేమోనని ఏసీ పైపు శుభ్రం చేయించాను, 300 అయింది. తగ్గలేదు. ముందు అద్దం చుట్టూ సందు ఉందన్నారు, 900 పెట్టి బంక వేయించాను. తగ్గలేదు. కార్పెట్ ఎత్తి రెండు రోజులు ఎండబెట్టేవాణ్ణి, పెద్ద వాన పడగానే మళ్ళీ అదే తడి. అమ్మకి ఆ వాసన పడదు, గుడికి ఆటోలో వెళ్ళడం మొదలుపెట్టింది. నాకు ఎక్కువ బాధ అనిపించింది అదే. ఆవిడ కోసమే ఉంచుకున్న బండి అది.

2024 వానల్లో మా ఊళ్ళోనే ఒక కుర్ర మెకానిక్‌కి చూపించాను. ఒడియా అబ్బాయి, తెలుగు మనలాగే మాట్లాడతాడు. బండి చుట్టూ ఒకసారి తిరిగి, "భాయినా (అన్నా), ఈ తలుపు ఎప్పుడైనా విప్పారా?" అని అడిగాడు. అప్పటిదాకా ఒక్కరూ అడగని ప్రశ్న. రెండేళ్ళ కిందట మెషిన్ మార్చారని చెప్పాను. చెంబుతో నీళ్ళు తెచ్చి, తలుపు మూసే ఉంచి, బయటినుంచి అద్దం మీద మెల్లగా పోశాడు. రెండో చెంబుకే డోర్ ప్యాడ్ అడుగు నుంచి కార్పెట్ మీదికి సన్నగా నీళ్ళు దిగాయి. నన్ను లోపల కూర్చోబెట్టి టార్చి వేసి చూపించాడు.

ప్యాడ్ విప్పాడు. కంపెనీ షీట్‌లో కింది సగం లేదు. ఎవరో బ్లేడుతో కోసి పడేశారు. మిగిలిన సగం ఒక మూల మాత్రమే అంటుకుని, మడత పడి వేలాడుతోంది. మెషిన్ మార్చిన రోజు అది కాస్త అంటుకుని ఉండి, వేసవి ఎండకి బంక కరిగి ఊడి ఉంటుందని చెప్పాడు. మొదటి ఏడాది తడి రాకపోవడానికి కారణం అదే.

అతను చెప్పిందాన్ని నాకు అర్థమైనట్టు చెప్తాను. అద్దానికీ తలుపు రేకుకీ మధ్య ఉన్న బయటి రబ్బరు పట్టీ వాన నీటిని మొత్తంగా ఆపదు, ఏ బండికైనా అంతే. కొంత నీరు అద్దం వెంట తలుపులోకి దిగుతుంది. ఆ నీరు పోవడానికే తలుపు అడుగున చిన్న రంధ్రాలుంటాయి. లోపలి రేకుకి మెషిన్ బిగించడానికి పెద్ద పెద్ద ఖాళీలు వదులుతారు, ఆ ఖాళీలని మూసేదే ప్లాస్టిక్ షీట్. అది ఉంటే నీరు దాని వెనకాలే జారి కింది రంధ్రాల్లోంచి బయటికి పోతుంది. లేకపోతే ప్యాడ్ మీద పడి బండిలోకి వస్తుంది. ఇంత ముఖ్యమైన పని చేసేది చూడ్డానికి చుట్టి పారేసే కవరులా ఉంటుంది, అందుకే మెకానిక్‌లు దానికి విలువ ఇవ్వరు. దాన్ని చిరక్కుండా తీయాలంటే బంకని మెల్లగా వేడి చేసి, అంగుళం అంగుళంగా ఒలవాలి. ఆ కుర్రాడికి కొలత కోసం ఎడమ తలుపు షీట్‌ని అలా తీయడానికే అరగంట పట్టింది. నా బండి పని నలభై నిమిషాల్లో ఎలా అయిందో అప్పుడు అర్థమైంది.

ఎడమ షీట్‌ని తిరగేసి పరిచి, మందమైన పాలిథిన్ మీద గీత గీసి కత్తిరించాడు. చుట్టూ సాగే నల్ల బంక టేపు పెట్టి, వేలితో నొక్కుతూ వచ్చాడు. తలుపు అడుగు రంధ్రాలు రెండు మట్టితో పూడిపోయి ఉంటే తీగ పెట్టి పొడిచాడు, గ్లాసుడు ఎర్రటి నీళ్ళు కారాయి. అడుగు అంచున తుప్పు మొదలైంది. మోటారు ప్లగ్గు పిన్నులకి పచ్చటి చిలుము పట్టింది, అది గీకి శుభ్రం చేశాడు. ఇంకో వానాకాలం అలాగే వదిలేస్తే బాగున్న మోటారు కూడా పోయేది. సామాను 260, కూలి 500 తీసుకున్నాడు. నేను ఇంకో వంద ఇస్తే మొదట వద్దన్నాడు.

షీట్ అతికించే ముందు మెషిన్‌ని కూడా చూడమన్నాను. కేబుల్ బాగుంది, పోగులు విడలేదు. ప్లాస్టిక్ ముక్క మీద అరుగుదల గీతలున్నాయి గాని పగులు లేదు. రెండేళ్ళకి అది బాగున్నట్టే లెక్క. ఇప్పుడు మూడేళ్ళయింది. గతుకుల రోడ్డు మీద అద్దం సగం దించి ఉంచితే చిన్న గడగడ వస్తోంది, పూర్తిగా మూస్తే లేదు. ప్యాడ్‌ని తలుపుకి పట్టి ఉంచే పిన్నులు మూడు ప్యాడ్ విప్పినప్పుడే విరిగాయి, ఆ మోత వాటిదో మెషిన్‌దో తేల్చుకోలేకపోతున్నాను.

కాబట్టి ఈ 1,150 రూపాయల మెషిన్ కొనొచ్చా అంటే, నాలాంటివాళ్ళు కొనొచ్చు. పాత బండి, మోటారు బాగుంది, పార్ట్ పోయినా శ్రీకాకుళం గంటన్నర దూరం. మా జిల్లాలోనే మోహన వైపు లోపలి ఊళ్ళలో ఉండి, వానాకాలంలో అద్దం పడిపోతే మెకానిక్ దొరకడమే కష్టమైన వాళ్ళైతే సర్వీస్ సెంటర్ సెట్ వేయించుకోవడమే మేలేమో. ఒక్క నొక్కుతో అద్దం దానంతటదే పైకెక్కే బండ్లకి ఇది సరిపోతుందో లేదో మాత్రం కొనేముందు అడగండి, మా బండికి ఆ సదుపాయం లేదు. ఏది కొన్నా, ప్యాడ్ విప్పేటప్పుడు పక్కనే నిలబడండి. టీకి వెళ్ళొద్దు. షీట్ ఎలా తీస్తున్నారో చూడండి, చిరిగితే కొత్తది వేసేదాకా ప్యాడ్ బిగించనివ్వకండి. బంక టేపు, నాలుగు పిన్నులు ముందే కొని పట్టుకెళ్తే ఇంకా మంచిది. తలుపులో మీరే చెయ్యి పెట్టేట్టయితే ముందు మోటారు ప్లగ్గు తీసెయ్యండి, లోపలి రేకు అంచులు కత్తిలా ఉంటాయి.

మొన్న వినాయక చవితి వానల్లో అమ్మని గుడికి కారులోనే తీసుకెళ్ళాను. ఇంటికొచ్చి మ్యాట్ కింద చెయ్యి పెట్టి చూస్తే పొడిగానే ఉంది. దారిలో ఆవిడ తన పక్క అద్దం దించినప్పుడు మాత్రం తలుపులో సన్నగా కటకట వినబడింది. దసరాకి ముందు ఆ తలుపు విప్పించాలి. ఆ కుర్రాడికే ఫోన్ చేసి, ఒక పూట మొత్తం నా బండికే ఉంచమని చెప్పాను.