పెట్టె ముందా, బోర్డు ముందా? పీసీబీ అంచు గీయడంలో ఏ పద్ధతి మేలు

బోరు మోటారు ఆటో స్టార్టరు, రొయ్యల చెరువు ఏరియేటరు టైమరు, పలాస జీడిపప్పు డ్రయ్యరుకు టెంపరేచర్ కంట్రోలరు. ఇలాంటి వాటికి పీసీబీ, అంటే విడిభాగాలను టంకం వేసే సర్క్యూట్ బోర్డు, డిజైన్ చేసేటప్పుడు సర్క్యూట్ మీద పెట్టే శ్రద్ధ బోర్డు ఆకారం మీద పెట్టం. చివర్లో ఒక చతురస్రం గీసి ఫైళ్లు పంపించేస్తాం. కొరియర్‌లో బోర్డులొచ్చాక పెట్టెలో దిగవు. అప్పుడిక ఆకురాయి పట్టుకుని మూలలు అరగదీయడమే. బోర్డులోంచి రాలే గాజు నార పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదు, అరిగిన చోట రాగి అంచుకి తేలుతుంది. 230 వోల్టులు నడిచే బోర్డు మీద ఆ పని అసలు చేయకూడదు.

కైక్యాడ్ అనే బోర్డు డిజైన్ సాఫ్ట్‌వేర్‌లో అంచును నేరుగా గీయాలా, మెకానికల్ డ్రాయింగ్ నుంచి డీఎక్స్ఎఫ్ (డ్రాయింగ్‌ను ఒక సాఫ్ట్‌వేర్ నుంచి మరోదానికి తెచ్చే) ఫైలుగా తెచ్చుకోవాలా అన్నది తేల్చే ముందు ఒక్క విషయం అడగాలి: ఆకారాన్ని నిర్ణయించేది బోర్డా, పెట్టెనా? బోర్డు ముందైతే గీయడం మేలు. పెట్టె ముందే కొనేసి ఉంటే దాని కొలతలే రావాలి.

నేరుగా గీయడం

షీట్‌మెటల్ ప్యానెల్‌లో నాలుగు స్టాండాఫ్‌ల (బోర్డును ఎత్తి నిలిపే పొట్టి స్తంభాల) మీద కూర్చునే బోర్డుకు డీఎక్స్ఎఫ్ తెచ్చుకోవడం వృథా శ్రమ. బోర్డును ఎక్కడ కోయాలో చెప్పే ఎడ్జ్ కట్స్ లేయరు ఎంచుకుని, గ్రిడ్ 1 మి.మీ. పెట్టి, రెక్టాంగిల్ టూల్‌తో ఒకేసారి గీయండి. నాలుగు విడి గీతలుగా గీయకండి. మధ్యలో గ్రిడ్ మారితే ఒక మూల దగ్గర రెండు గీతల కొసలు వెంట్రుకంత ఎడంగా ఉండిపోతాయి. కంటికి అతికినట్టే కనిపిస్తాయి గాని, ఆకారం మూసుకోదు, డీఆర్‌సీలో (డిజైన్ నియమాల తనిఖీలో) తప్పు వస్తుంది. 3డీ వ్యూయర్ తెరిస్తే అంచు సరిగా లేదన్న హెచ్చరిక కనిపిస్తుంది. కొత్త వెర్షన్లలో హీల్ షేప్స్ అనే ఆదేశం అలాంటి చిన్న ఎడాలను పూడుస్తుంది, కానీ ఆ ఎడం ఎందుకొచ్చిందో చూసుకోకుండా దాన్నే నమ్ముకోవద్దు.

గీత మందం 0.1 మి.మీ. చాలు. బోర్డు అంచు అంటే ఆ గీత నడిమధ్య, బయటి వైపు కాదు. మూలల్ని 2 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రం చేస్తే చేతులు గీసుకోవు, కవరు చిరగదు.

పెట్టె నుంచి తెచ్చుకోవడం

బజారులో దొరికే ఏబీఎస్ ప్లాస్టిక్ పెట్టెల్లో నాలుగు మూలలా మూత స్క్రూ స్తంభాలుంటాయి. బోర్డుకు నాలుగు మూలలా గంట్లు పడాలి. ఇక్కడ గీసే పద్ధతి కంటే కొలిచే పద్ధతే ముఖ్యం.

అచ్చులో పోసిన పెట్టె గోడలు నిటారుగా ఉండవు. అచ్చులోంచి సులువుగా ఊడి రావాలని అడుగు కంటే పైభాగం కాస్త వెడల్పుగా చేస్తారు. పైన వెర్నియర్ పెట్టి 96 మి.మీ. అని రాసుకుంటే, బోర్డు కూర్చునే ఎత్తులో అది 95కే ఉండొచ్చు. అందుకే బోర్డు కూర్చునే ఎత్తులోనే కొలవాలి. స్తంభాల మధ్య దూరానికి రెండు కొలతలు తీయండి: రెండు స్తంభాల బయటి అంచుల మధ్య ఒకటి, లోపలి అంచుల మధ్య ఒకటి. రెండూ కూడి సగం చేస్తే కేంద్రాల మధ్య దూరం వస్తుంది. స్తంభం కేంద్రాన్ని కంటితో అంచనా వేయడం కంటే ఇది ఎంతో నమ్మకం.

ఆ కొలతలతో ఫ్రీక్యాడ్, లిబ్రేక్యాడ్ లాంటి డ్రాయింగ్ సాఫ్ట్‌వేర్‌లో గీసి డీఎక్స్ఎఫ్‌గా ఇంపోర్ట్ చేయవచ్చు. వచ్చే చిక్కులు ఎప్పుడూ ఇవే. యూనిట్లు తప్పితే 95 మి.మీ. బోర్డు 25.4 రెట్లు పెద్దదవుతుంది, లేదా గోరంత అయిపోతుంది. కొలత గీతలు, పేర్లు కూడా ఆకారంతో పాటు ఎడ్జ్ కట్స్‌లోకి వచ్చి పడతాయి. ఒకే గీత రెండుసార్లు ఉంటే ఆకారం తప్పుబడుతుంది. స్ప్లైన్ వంపులు (స్వేచ్ఛగా మెలికలు తిరిగే గీతలు) తేవద్దు, సరళరేఖలు, ఆర్క్‌లే చాలు.

మాకు బాగా నచ్చేది మధ్యే మార్గం. డీఎక్స్ఎఫ్‌ను ఎడ్జ్ కట్స్‌లోకి కాకుండా ఒక యూజర్ లేయర్‌లోకి తెచ్చి లాక్ చేయండి. పెట్టె గోడలు, స్తంభాలు అక్కడ కనిపిస్తుంటాయి. వాటిని చూస్తూ గోడకు 0.5 మి.మీ. లోపలగా అసలు అంచును ఎడ్జ్ కట్స్‌లో మీరే గీయండి. రౌటింగ్‌లో (తిరిగే బిట్‌తో బోర్డు కోయడంలో) అంచు సాధారణంగా 0.2 మి.మీ. అటూ ఇటూ అవుతుంది, ఆ వదులు దానికే. పెట్టె మారితే కింది లేయరు మార్చుకుంటారు, అంచు శుభ్రంగానే ఉంటుంది. స్తంభాల పెట్టెలకు నేరుగా ఇంపోర్ట్ కంటే ఇదే మేలు.

లోపలి కోతలు: ఏ లేయర్లో పెట్టాలి

బోర్డును కోసేది గుండ్రంగా తిరిగే బిట్. అది 2 మి.మీ. బిట్ అయితే లోపలి మూల 1 మి.మీ. వ్యాసార్ధంతో గుండ్రంగానే వస్తుంది, మీరు ఎంత పదునుగా గీసినా సరే. గుండ్రటి స్తంభం చుట్టూ గంటుకు అది అడ్డం కాదు. బోర్డులోకి దిగే డిస్‌ప్లేకో స్విచ్‌కో చతురస్రపు కిటికీ కావాలంటే మాత్రం మూలల్లో ఇరుక్కుంటుంది. అక్కడ ప్రతి మూలలో 2 మి.మీ. వ్యాసమున్న వృత్తం కొద్దిగా బయటికి పొడుచుకొచ్చేలా కలిపి గీయాలి. కిటికీ బయటి అంచును తాకితే దాన్ని విడి ఆకారంగా ఉంచకుండా అంచులోనే కలిపేయండి.

డీసీ జాక్ కాళ్ల లాంటి బల్లపరుపు కాళ్లకు ఎడ్జ్ కట్స్‌లో గాడి గీయకండి. అది రాగి పూత లేని కోత అవుతుంది, టంకం లోపలి గోడకు పట్టదు. అక్కడ ఫుట్‌ప్రింట్‌లో (ఆ విడిభాగం కాళ్లకు వేసే ప్యాడ్ల నమూనాలో) ఓవల్ డ్రిల్ ఉన్న ప్యాడ్ పెడితే పూతతో వస్తుంది. డ్రాయింగ్ లేయర్లో గడి గీసి పక్కన "ఇక్కడ కోయండి" అని రాస్తే ఫ్యాక్టరీలో ఎవరూ చూడకపోవచ్చు.

రిలే కింద వేసే ఐసొలేషన్ గాడి దగ్గర కాస్త ఆగాలి, మన ప్రాంతంలో ఇది మరీ ముఖ్యం. భోగాపురం, పూసపాటిరేగ నుంచి శ్రీకాకుళం తీరం పొడవునా చెరువు గట్ల మీద పెట్టెల్లోకి ఉప్పు తేమ దూరుతుంది. 230 వోల్టుల కాలికీ కంట్రోల్ వైపు కాలికీ మధ్య బోర్డు ఉపరితలం మీద అది కరెంటుకు దారి వేస్తుంది. గాడి ఆ దారిని పొడిగిస్తుంది. అయితే ఐఈసీ 60664-1 అనే ఇన్సులేషన్ ప్రమాణం ప్రకారం మామూలు పరిసరాల్లో, అంటే పొల్యూషన్ డిగ్రీ 2లో, గాడి 1 మి.మీ. కంటే సన్నగా ఉంటే లెక్కలోకి రాదు. తేమ, మురికి ఎక్కువుండే పొల్యూషన్ డిగ్రీ 3లో 1.5 మి.మీ. ఉండాలి. చెరువు గట్టు బోర్డును మూడో తరగతిగానే చూడండి. 2 మి.మీ. గాడి వేస్తే బిట్ ఒక్కసారిలోనే కోసేస్తుంది, నియమమూ తీరుతుంది. గాడి రెండు కొసలూ కాళ్ల వరసను దాటి ముందుకి వెళ్లాలి, లేకపోతే ఆ దారి కొస చుట్టూ తిరిగి వస్తుంది. గాడి పెంచేది ఉపరితల దూరాన్నే, గాలిలో నేరుగా ఉండే దూరాన్ని కాదు. ఆ దూరం విడిగా చూసుకోవాలి.

ఈ గాడిని బోర్డు మీద విడిగా గీయడం కంటే రిలే ఫుట్‌ప్రింట్‌లోనే మూసుకున్న ఎడ్జ్ కట్స్ ఆకారంగా పెట్టడం మేలు. రిలేను పది మి.మీ. జరిపితే గాడి కూడా జరుగుతుంది. విడిగా ఉంటే పాత చోటే మిగిలిపోయి, తర్వాత అక్కడికొచ్చిన ట్రాక్‌ను కోస్తుంది.

వీ-కట్టా, మౌస్ బైట్లా?

ఫ్యాక్టరీలో చాలా బోర్డులను ఒకే పలక (ప్యానెల్) మీద చేసి, తర్వాత విరిచి విడదీస్తారు. నాలుగు వైపులా తిన్నని బోర్డులకు వీ-కట్ (వీ ఆకారపు గాటు) చౌక. కానీ అది ప్యానెల్ ఈ కొస నుంచి ఆ కొసకు నేరుగానే పోతుంది, అంచు నుంచి రాగిని 0.5 మి.మీ. దూరం ఉంచాలి (రౌటింగ్‌కు 0.3 చాలు). మూలల గంట్లున్న బోర్డుకు గంట్లు రౌట్ చేయించి మిగతా తిన్నని అంచుకు వీ-కట్ పెట్టించవచ్చు. వంపులుంటే మౌస్ బైట్లే, అంటే విరవడానికి వీలుగా వేసే చిన్న రంధ్రాల వరసలే. ఆ 0.5 మి.మీ. రంధ్రాల వరసను బోర్డు అంచు గీత మీదకో కొద్దిగా లోపలికో జరపండి. లేకపోతే విరిచాక మిగిలే మొటిమలు బయటికి పొడుచుకొచ్చి బోర్డు పెట్టె గాడిలో జారదు. ఏ పద్ధతైనా విరిచే గీతకు 3 మి.మీ. లోపు సెరామిక్ కెపాసిటర్లు పెట్టకండి. విరిచేటప్పుడు లోపల చిట్లుతాయి, పైకి కనిపించదు.

పంపే ముందు ఎడ్జ్ కట్స్ లేయర్ ఒక్కటే 1:1 స్కేలులో ప్రింట్ తీయండి. ప్రింటర్ సెట్టింగ్‌లో ఫిట్ టు పేజ్ తీసేసి, కాగితం మీద 50 మి.మీ. గీతను వెర్నియర్‌తో సరిచూడండి. పాత శుభలేఖ అట్ట మీద అతికించి, బ్లేడుతో కోసి, లోపలి గంట్లతో సహా పెట్టెలో దించండి. స్తంభాల మధ్య తేలిగ్గా కూర్చుని, నాలుగు స్క్రూలూ వంకర లేకుండా దిగి, మూత ఖాళీ లేకుండా మూసుకుంటే గెర్బర్ ఫైళ్లు (ఫ్యాక్టరీకిచ్చే బోర్డు ఫైళ్లు) పంపొచ్చు. ఏ ఒక్క స్క్రూ పక్కకు పోతున్నా కొలత మళ్లీ తీయాలి. రంధ్రాన్ని పెద్దది చేసి సర్దుకోవద్దు.