రుషికొండ నీళ్లలో పాత ఎంకే2, కొత్త ఎంకే2

విశాఖలో స్కూబా డైవింగ్‌కు వెళ్లేవాళ్లు వీడియో ఇస్తారా, చేపలు కనిపిస్తాయా, ఈత రాకపోతే ఫర్వాలేదా అని అడుగుతారు. నోట్లో పెట్టుకుని ఊపిరి పీల్చుకునే రెగ్యులేటర్ గురించి అడిగేవాళ్లు అరుదు. నీటి అడుగున మన ప్రాణం దాని మీదే ఆధారపడి ఉంటుంది కాబట్టి, ఈసారి నేను చూసినదాన్ని కాస్త వివరంగా రాస్తున్నాను.

ఫిబ్రవరిలో మా బావమరిదితో కలిసి వెళ్లాను. అతనికి ఇదే మొదటి డైవ్. నాకు సర్టిఫికేషన్ ఉంది, సొంత రెగ్యులేటర్ కూడా ఉంది. అది స్కూబాప్రో కంపెనీ ఎంకే2 ఫస్ట్ స్టేజ్ (సిలిండర్‌కు బిగించే భాగం), దానికి ఆర్190 సెకండ్ స్టేజ్ (నోట్లో పెట్టుకునే భాగం). ఒక సీనియర్ డైవర్ దగ్గర సెకండ్ హ్యాండ్‌లో కొన్నాను. రుషికొండలో మేం బుక్ చేసుకున్నవాళ్ల దగ్గర అదే ఎంకే2 కొత్త రూపం, ఎంకే2 ఈవో, ఆర్195తో ఉంది. అడిగితే కాదనకుండా ఇచ్చారు. అలా ఒకే చోట, ఒకే లోతులో, పాతదాన్నీ కొత్తదాన్నీ మార్చి మార్చి వాడి చూశాను.

ఎంకే2 ఎందుకింత కాలం నిలిచిందో చెప్పాలి. నిండిన సిలిండర్‌లో గాలి 200 బార్ల ఒత్తిడితో ఉంటుంది. ఫస్ట్ స్టేజ్ దాన్ని చుట్టూ ఉన్న నీటి ఒత్తిడి కంటే తొమ్మిది పది బార్లు మాత్రమే ఎక్కువ ఉండేలా దించుతుంది. అక్కడి నుంచి మనం పీల్చినప్పుడల్లా కావలసినంత గాలి వదలడం నోట్లో ఉండే సెకండ్ స్టేజ్ పని. ఎంకే2లో ఈ దించే పనంతా చేసేది ఒక పిస్టన్, దాని వెనక ఒక స్ప్రింగ్. కదిలే భాగాలంటే ఇవే. పిస్టన్ తల దగ్గర గాలి కారకుండా ఆపే ఒక రబ్బరు ఓ-రింగ్, కాడ దగ్గర ఒకటి, చివర గాలి దారిని మూసే చిన్న ప్లాస్టిక్ సీటు. విప్పి టేబుల్ మీద పెడితే ఒక అరచేతిలో పట్టేస్తాయి. చెడిపోవడానికి అందులో పెద్దగా ఏమీ లేదు. అందుకే డైవింగ్ స్కూళ్లు, అద్దెకిచ్చేవాళ్లు దీన్ని ఇష్టపడతారు.

ఈ సరళత వల్ల ఒక లోటు కూడా ఉంది. ఇది అన్‌బ్యాలెన్స్‌డ్ రకం. సిలిండర్ ఒత్తిడి నేరుగా సీటు మీద పడి పిస్టన్‌ను తెరవడానికి సాయం చేస్తుంది. గాలి అయిపోతున్నకొద్దీ ఆ సాయం తగ్గుతుంది, దాంతో సెకండ్ స్టేజ్‌కు చేరే ఒత్తిడి కాస్త పడిపోతుంది, పీల్చడం కొంచెం బరువవుతుంది. బాగా లోతుకు వెళ్లి, ఒకే ఫస్ట్ స్టేజ్ నుంచి ఇద్దరు ఊపిరి తీసుకోవలసివస్తే ఈ తేడా లెక్కలోకి వస్తుంది. మొదటిసారి వచ్చేవాళ్లను 12 మీటర్లు దాటి తీసుకెళ్లకూడదు, సిలిండర్‌లో 50 బార్లు మిగిలుండగానే పైకి రావాలి. ఈ హద్దుల్లో ఆ బరువు తెలియనే తెలియదు. నేను 60 బార్ల దగ్గర కావాలని గట్టిగా, వేగంగా పీల్చి చూశాను. పాతదానిలోనూ గాలికి లోటు రాలేదు.

మరి ఈవోలో మారిందేమిటి? ముఖ్యంగా చలి సంగతి. ఒత్తిడి ఒక్కసారిగా పడిపోయేటప్పుడు గాలి బాగా చల్లబడుతుంది. నీళ్లు కూడా చల్లగా ఉంటే పిస్టన్ చుట్టూ మంచు కట్టి అది తెరుచుకునే ఉండిపోతుంది, గాలి ఆగకుండా బుసబుసా వచ్చేస్తుంది. మధ్యలో వచ్చిన ఎంకే2 ప్లస్ తర్వాత, ఈవోలో లోపలి భాగాలకు చల్లని నీటి ప్రభావం తగలకుండా ఇంకా గట్టి ఏర్పాటు చేశారు. యూరప్ ప్రమాణం ఈఎన్ 250 ప్రకారం చల్లని నీళ్లంటే 10 డిగ్రీల లోపు. విశాఖ సముద్రం శీతాకాలంలో కూడా 24, 25 డిగ్రీలుంటుంది. కంపెనీ గొప్పగా చెప్పుకునే ఆ మెరుగుదలతో మనకు ఇక్కడ పనే పడదు. ఐస్‌లాండ్ వెళ్లేవాళ్లు ఈవో కొనుక్కోవాలి. రుషికొండలోనో అండమాన్‌లోనో దిగేవాళ్లకు, బాగా చూసుకున్న పాత ఎంకే2 చాలు.

సెకండ్ స్టేజ్‌ల విషయానికొస్తే ఆర్190, ఆర్195 రెండిటిలోనూ ఉన్నది పాతకాలపు డౌన్‌స్ట్రీమ్ వాల్వే. ఫస్ట్ స్టేజ్‌లో ఏదైనా తేడా వచ్చి ఒత్తిడి పెరిగితే ఈ వాల్వ్ తెరుచుకుని గాలిని వదిలేస్తుంది కానీ బిగుసుకుపోదు. గాలి ఎక్కువ రావడం భయపెడుతుంది, కానీ రాకపోవడం కంటే మేలు. చేతికి తెలిసిన తేడా పర్జ్ బటన్‌లో, అంటే గాలిని చేత్తో వదలడానికి నొక్కే బటన్‌లో ఉంది. కొత్తది మెత్తగా నొక్కుకుంటోంది, నా పాతది గట్టిపడింది. నోట్లో పట్టుకునే రబ్బరు కూడా కొత్తది సుఖంగా ఉంది, అయితే అది కొద్ది డబ్బుతో ఎప్పుడైనా మార్చుకోగలిగేది.

అసలు తేడా ఇంకోచోట కనబడింది. రుషికొండ తర్వాత మంగమారిపేట వైపు దిగుదామని ఇంకొకరి దగ్గర బుక్ చేశాం. వాళ్ల సెట్లు మా సెట్టు కంటే కొత్తవి, క్రోమ్ మెరుస్తోంది. సిలిండర్‌కు బిగించే యోక్ లోపల చిన్న ఫిల్టర్ ఉంటుంది, దాన్ని టార్చ్ వేసి చూశాను. బూడిద రంగులో ఉండాల్సింది ఆకుపచ్చగా చిలుం పట్టి ఉంది. ఆ రంధ్రాన్ని మూసే డస్ట్ క్యాప్ పెట్టకుండా నీళ్లలో ముంచి కడిగారన్నమాట, ఉప్పునీరు లోపలికి పోయింది. బిగించి, వాల్వ్ పూర్తిగా తిప్పి, సిలిండర్ ఒత్తిడి చూపే గేజ్ చూస్తూ గట్టిగా పీల్చాను. పీల్చినప్పుడల్లా గేజ్ ముల్లు కిందికి ఊగి మళ్లీ పైకొస్తోంది. ఫిల్టర్ మూసుకుపోతే అలాగే అవుతుంది. చూపించి అడిగితే వేరే సెట్టు ఇచ్చారు, వాదించలేదు. కానీ అంతకుముందు ఆ సెట్టుతో దిగినవాళ్లకు ఈ సంగతి తెలిసే అవకాశమే లేదు. దానికే నాకు బాధేసింది.

మీరు మొదటిసారి వెళ్తున్నా సరే, ఈ రెండు పనులు చేయండి. సిలిండర్ తెరవక ముందు రెగ్యులేటర్ నోట్లో పెట్టుకుని పీల్చండి. గాలి అస్సలు రాకూడదు. వస్తే ఎక్కడో డయాఫ్రమ్ (సెకండ్ స్టేజ్ లోపలి పల్చటి రబ్బరు పొర) చిరిగిందనో, రబ్బరు పగిలిందనో అర్థం, నీళ్లలో అదే దారిన నీరొస్తుంది. తెరిచాక గేజ్ ముల్లును చూస్తూ నాలుగైదుసార్లు పీల్చండి, ముల్లు కదలకూడదు. తర్వాత చివరి సర్వీస్ ఎప్పుడు చేయించారని అడగండి. రుషికొండవాళ్లు వెంటనే రిజిస్టర్ తీసి నెల, తేదీ చూపించారు. వచ్చిన ప్రతి సెట్టునూ క్యాప్ బిగించి మంచినీళ్ల తొట్టెలో నానబెడుతున్నారు, నానేటప్పుడు పర్జ్ బటన్ ఎవరూ నొక్కడం లేదు, నొక్కితే నీరు లోపలికి పోతుంది. మా బావమరిదికి ఉన్న టెన్షన్ అంతా అది చూశాకే తగ్గింది. "బావా, వీళ్లు నోట్లో పెట్టుకునేదాన్ని ఇంత జాగ్రత్తగా చూస్తున్నారంటే నేను దిగుతా" అన్నాడు.

నీళ్ల సంగతి నిజాయితీగా చెప్పాలి. ఇది అండమాన్ కాదు. మాకు ఐదారు మీటర్ల వరకు కనిపించింది, అది మంచి రోజే అన్నారు. రాళ్ల మీద మెత్తటి పగడాలు, గుంపులుగా చేపలు, ఒక లయన్ ఫిష్. పడవ మీద ఉన్న పెద్దాయన పక్క పల్లె జాలరి. "పొద్దున్నే రండి బాబూ, గాలి లేచిందంటే నీరు కలిసిపోద్ది" అన్నాడు. ఆయన మాట విని ఆరున్నరకే వెళ్లాం. పదింటికి వచ్చిన గుంపుకు మాకు కనిపించినదాంట్లో సగం కూడా కనిపించలేదు.

బస కోసం మొదట ఆర్కే బీచ్ దగ్గర, తర్వాత రుషికొండ దగ్గర ఉన్నాం. ఆర్కే బీచ్‌లో సాయంత్రాలు బాగుంటాయి. తిండికి కొదవ లేదు, కుర్సురా జలాంతర్గామి మ్యూజియం నడిచి వెళ్లే దూరం. 1969లో నౌకాదళంలో చేరి, 2001లో సేవ ముగించి, 2002లో మ్యూజియంగా తెరుచుకున్న ఆ జలాంతర్గామి లోపలికి వెళ్లి ఇరుకు గదులు చూస్తే, నీటి అడుగున గాలి విలువ డైవర్లకు వేరేగా అర్థమవుతుంది. అయితే తెల్లవారుజామున అక్కడి రోడ్డులో కొంత భాగాన్ని నడకవాళ్ల కోసం వాహనాలకు మూసేస్తారు, ఆటో చుట్టు తిరిగి వెళ్లాలి. డైవ్ ఉన్న రోజుకు రుషికొండ బసే నయం. రాత్రి భోజనానికి పెద్దగా ఎంపిక ఉండదు కానీ పొద్దున పావుగంటలో పడవ దగ్గరుంటాం. గది తీసుకునే ముందు బయట కుళాయి ఉందా అని అడగండి. మా లాడ్జివాళ్లు తోటకు నీళ్లు పెట్టే కుళాయి దగ్గర రెగ్యులేటర్, బూట్లు కడుక్కోనిచ్చారు. ఆర్కే బీచ్ హోటల్లో బాత్‌రూమ్‌లో ఇసుక పడిందని గొడవ చేశారు.

చివరిగా అరకు గురించి ఒక మాట. పొద్దున డైవ్, మధ్యాహ్నం అరకు అని ప్లాన్ వేసుకునేవాళ్లు చాలామంది కనిపించారు. దయచేసి అలా చేయకండి. అరకు సముద్రమట్టానికి దాదాపు 900 మీటర్ల పైన ఉంది, ఘాట్ రోడ్డు అంతకంటే ఎత్తుకు ఎక్కుతుంది. డైవ్‌లో ఒంట్లో చేరిన నైట్రోజన్ పూర్తిగా బయటికి పోకముందే ఎత్తుకు వెళ్తే అది బుడగలు కట్టే ప్రమాదం ఉంది. విమానం ఎక్కడానికి ఆగాల్సినట్టే దీనికీ ఆగాలి. ఒక్క డైవ్ అయితే కనీసం 12 గంటలు, అంతకంటే ఎక్కువ చేస్తే 18 గంటలు. మేం అరకు ముందు చూసి, సముద్రం ఆఖర్న పెట్టుకుని, విజయవాడకు రైల్లో తిరిగొచ్చాం.